లైనక్స్ కెర్నెల్‌లో రిఫరెన్స్ కౌంటింగ్ (ఆబ్జెక్ట్‌ను ఎందరు వాడుతున్నారో లెక్కపెట్టడం), 4వ పాఠం: లిస్టులో దొరికినంత మాత్రాన చేతికి వచ్చినట్టు కాదు

పోయిన పాఠం చూసి ఆ లెక్కకు మామూలు కౌంటర్ రకం అటామిక్_టీ బదులు, తప్పులు పట్టే రెఫ్‌కౌంట్_టీ పెట్టగానే, డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్‌లో) ‘యాడిషన్ ఆన్ 0, యూజ్-ఆఫ్టర్-ఫ్రీ’ అన్న హెచ్చరిక వచ్చి చాలామంది అక్కడే ఆగిపోయారు. ముందు అది తేల్చుకుందాం.

కేజెడ్‌అలాక్ మెమరీని సున్నాలతో నింపి ఇస్తుంది, కాబట్టి అది ఇచ్చిన ఆబ్జెక్ట్‌లో లెక్క 0. దానిమీద నేరుగా రెఫ్‌కౌంట్_ఇంక్ (లెక్కను ఒకటి పెంచడం) చేస్తే ఆ హెచ్చరికే వస్తుంది. పైగా లెక్క సాచురేట్ అయిపోతుంది, అంటే ఒక విలువ దగ్గర బిగుసుకుపోతుంది, ఇక ఆ ఆబ్జెక్ట్ ఎప్పటికీ ఫ్రీ కాదు. పుట్టించిన చోటే రెఫ్‌కౌంట్_సెట్‌తో 1 పెట్టండి. రెండోసారి హెచ్చరిక రాలేదని పని అయిపోయిందనుకోకండి, అది బూట్‌కు ఒక్కసారే వస్తుంది. డీబగ్‌ఎఫ్‌ఎస్‌ (కెర్నెల్ డీబగ్ ఫైల్‌సిస్టమ్) లోని క్లియర్_వార్న్_వన్స్ ఫైల్‌లో 1 రాశాకే మళ్లీ పరీక్షించండి.

అప్పటికీ వస్తోందంటే తప్పు లిస్టులో వెతికే చోట ఉండొచ్చు. అక్కడ ఇంక్ తీసేసి, లెక్క సున్నా కాకపోతేనే పెంచే ఇంక్_నాట్_జీరో పెడితే హెచ్చరిక మాయమవుతుంది, బగ్ మాత్రం అలాగే ఉంటుంది. ఇంతటితో సరిపెట్టేస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే అడుగడుగునా చూద్దాం.

సీపీయూ 0కి లిస్టులో ఆబ్జెక్ట్ దొరికింది, పాయింటర్ చేతిలో ఉంది, లెక్క ఇంకా పెంచలేదు. అంతలో సీపీయూ 1 ఆ ఆబ్జెక్ట్‌ను లిస్టులోంచి తీసి చివరి పుట్ (లెక్కను ఒకటి తగ్గించడం) చేసింది. లెక్క 1 నుంచి 0కి దిగింది, కేఫ్రీ జరిగి మెమరీ తిరిగి వెళ్లిపోయింది. అదే మెమరీ చోటు వేరే కోడ్‌కు దక్కి, లెక్క ఉండిన ఆ నాలుగు బైట్లలో ఇప్పుడు 7 ఉందనుకోండి. ఇప్పుడు సీపీయూ 0 ఇంక్_నాట్_జీరో పిలిస్తే, 7 సున్నా కాదు కాబట్టి దాన్ని 8 చేసి ట్రూ ఇస్తుంది. వేరొకరి డేటా పాడైంది, హెచ్చరిక లేదు. సున్నానా కాదా అని చూడటానికైనా ఆ మెమరీ బతికి ఉండాలి కదా! 2016లో బయటపడ్డ కీరింగ్ (కెర్నెల్ తాళంచెవులు దాచే చోటు) లోపంలో 32 బిట్ల లెక్క పొంగి సున్నాకు తిరిగొచ్చింది. అలాంటిదాన్ని సాచురేషన్ ఆపుతుంది, ఈ బగ్‌ను ఆపడం మాత్రం దానివల్ల కాదు.

వెతకడం, ఇంక్_నాట్_జీరో రెండూ ఒకే స్పిన్‌లాక్ (ఒకసారికి ఒక్కరినే లోపలికి రానిచ్చే తాళం) కింద చేయండి. లిస్టులోంచి తీయడం కూడా అదే లాక్ కింద, కేఫ్రీకి ముందే జరగాలి. నేను ముందు దీన్నే వాడతాను. చదివే దారి మరీ రద్దీగా ఉంటేనే ఆర్‌సీయూ (చదివేవాళ్లను ఆపకుండా, వాళ్లు ముగించాకే మెమరీని వదిలే పద్ధతి): ఆర్‌సీయూ_రీడ్_లాక్ లోపలే వెతికి లెక్క పెంచండి, లిస్ట్_డెల్_ఆర్‌సీయూతో తీయండి, కేఫ్రీ బదులు కేఫ్రీ_ఆర్‌సీయూ వాడండి. ఇంక్_నాట్_జీరో నుంచి ఫాల్స్ వస్తే ఆబ్జెక్ట్ లేనట్టే.

అభ్యాసం: కేసాన్ (ఫ్రీ అయిన మెమరీని ముట్టుకుంటే పట్టేది), ప్రూవ్_లాకింగ్ (ఆర్‌సీయూ వాడకంలో తప్పులు పట్టే ప్రూవ్_ఆర్‌సీయూ దీంతోనే వస్తుంది) ఆన్ చేసి కెర్నెల్ బిల్డ్ చేయండి. మాడ్యూల్‌లో రెండు కేథ్రెడ్లు (కెర్నెల్ థ్రెడ్లు) ఆర్‌సీయూ పద్ధతిలో వెతుకుతుండాలి, రెండు తీస్తూ కలుపుతూ ఉండాలి. పాయింటర్ దొరకడానికీ ఇంక్_నాట్_జీరోకీ మధ్య 50 మైక్రోసెకన్ల యూడిలే (నిద్రపోకుండా ఆగడం) పెట్టండి. ఎమ్‌స్లీప్ వద్దు, రీడ్ లాక్‌లో నిద్రపోకూడదు. మామూలు కేఫ్రీతో కేసాన్ రిపోర్ట్ తెప్పించాకే కేఫ్రీ_ఆర్‌సీయూకు మారండి.