పెట్రోలు ముల్లు తప్పు చూపిస్తోందా? ట్యాంకు దించే ముందు ఎర్తు చూడండి

ట్యాంకు నిండా పోయించినా ముల్లు ఖాళీ గీత దగ్గరే ఉంటే చాలామంది నేరుగా కొత్త ట్యాంకు యూనిట్ (ట్యాంకులో పెట్రోలు మట్టం కొలిచే భాగం) కొంటారు. దాన్ని మార్చాలంటే వెనక సీటు ఎత్తాలి, కొన్ని కార్లకు ట్యాంకే దించాలి. ఇంతా చేశాక లోపం తుప్పు పట్టిన ఒక ఎర్తు స్క్రూలో, అంటే యూనిట్ వైరును కారు బాడీకి కలిపే స్క్రూలో ఉందని తేలితే కడుపు మండిపోతుంది.

ట్యాంకులో తేలే ఫ్లోటు పైకీ కిందికీ కదిలే కొద్దీ రెసిస్టెన్స్ (కరెంటుకు కలిగే అడ్డు, దీన్ని ఓంలలో కొలుస్తారు) మారుతుంది. మీటరు చూపేది ఆ మార్పునే. యూనిట్ నుంచి ఒక వైరు మీటరుకు, ఇంకొకటి ఎర్తుకు వెళ్తాయి. కొన్ని కార్లలో ఖాళీకి 240 ఓంలు, నిండుకు 33. మరికొన్నింటిలో ఖాళీకి 0, నిండుకు 90. లెక్క పూర్తిగా తలకిందులు కాబట్టి మీ కారు ఏ రకమో ముందే మాన్యువల్లో చూసుకోండి.

ముల్లు ఒక చివరే ఉండిపోయింది

మొదట ఫ్యూజు చూడండి. మిగతా మీటర్లు కూడా పడుకుంటే అనుమానం దాని మీదే. ఫ్యూజు బాగుంటే కీ ఆపి, ట్యాంకు యూనిట్ కనెక్టరు విప్పండి. మీటరుకు వెళ్లే వైరును 33 ఓంలు, 5 వాట్ల రెసిస్టర్ ద్వారా బాడీకి కలిపి, ఆ తర్వాతే కీ తిప్పండి. కీ ఆన్‌లో ఉండగా వైరు తాకిస్తే నిప్పురవ్వ రావచ్చు. పెట్రోలు వాసన వస్తుంటే ఈ పని అసలు మొదలుపెట్టకండి. అదే కనెక్టరులో పెట్రోలు పంపు వైర్లూ ఉండొచ్చు, వాటి జోలికి పోవద్దు.

240-33 రకంలో ముల్లు నిండు గీతకు చేరాలి. 0-90 రకంలో సగానికి కాస్త కిందికి రావాలి. వస్తే మీటరూ, వైరూ మంచివే. లోపం యూనిట్‌లోనో దాని ఎర్తులోనో ఉంది. కదలకపోతే ఇదే పరీక్ష మీటరు వెనక చేయండి. అక్కడ కదిలితే మధ్యలో వైరు తెగింది, అక్కడా కదలకపోతే మీటరుకు కరెంటు అందడం లేదు లేదా మీటరే పోయింది.

ఇండికేటరు వేస్తే దానితో పాటే ముల్లు కూడా ఊగుతోంది

చూడటానికి వింతగా ఉంటుంది గానీ, ఇంత నిజాయతీగా తన లోపాన్ని చెప్పే లక్షణం మరొకటి లేదు. వెనక దీపాలకూ ట్యాంకు యూనిట్‌కూ తరచూ ఒకే ఎర్తు స్క్రూ ఉంటుంది. అది తుప్పు పడితే దీపం వెలిగిన ప్రతిసారీ ఆ చోట వోల్టేజి కాస్త లేస్తుంది, ముల్లు ఉలిక్కిపడుతుంది.

దీపాలు వేసి ఉంచి, మల్టీమీటరు (వోల్టులు, ఓంలు కొలిచే పరికరం) ఒక కొన యూనిట్ ఎర్తుకు, రెండోది బ్యాటరీ నెగటివ్‌కు పెట్టండి. 0.1 వోల్టు దాటితే ఎర్తు చెడినట్టే. స్క్రూ విప్పి, పెయింటూ తుప్పూ పోయి లోహం మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి పైన గ్రీజు రాయండి.

దీపాలతో పని లేకుండానే తుప్పు కొన్ని ఓంలు కలుపుతుంది. 240-33 రకంలో దానివల్ల ముల్లు ఎప్పటికీ నిండు గీత చేరదు, అంతే. 0-90 రకంలో ఖాళీ ట్యాంకుకు కూడా కొంత పెట్రోలు ఉన్నట్టు చూపిస్తుంది. దారి మధ్యలో కారు ఆగిపోయేది దీనితోనే.

పెట్రోలు ముల్లు, ఇంజను వేడి ముల్లు రెండూ ఒకేసారి ఎక్కువ చూపిస్తున్నాయి

రెండు సెన్సర్లు ఒకే రోజు పాడవడం అరుదు. చాలా పాత కార్లలో ఈ రెండు మీటర్లకూ సగటున 10 వోల్టులు ఇచ్చే చిన్న స్టెబిలైజర్ ఉంటుంది. దానికి ఎర్తు అందకపోతే పూర్తి బ్యాటరీ వోల్టేజి వచ్చి పడుతుంది. ఎర్తు సరిచేసినా మారకపోతే స్టెబిలైజర్ మార్చండి.

సగం దగ్గరకు రాగానే ముల్లు పడిపోయి మళ్లీ లేస్తోంది

ఎక్కువగా తిరిగే చోట యూనిట్‌లోని రెసిస్టెన్స్ పట్టీ అరిగిపోయింది. బయటికి తీసిన యూనిట్‌లో ఫ్లోటు ఉన్న కడ్డీని మెల్లగా కదుపుతూ ఓంలు చూడండి. అంకెలు వరుసగా మారకుండా ఎక్కడైనా ఒక్కసారి ఎగిరితే కొత్తది వేయాల్సిందే. చేతిలో ఉండగానే ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూడండి. లోపల పెట్రోలు చప్పుడైతే అది మునుగుతోంది, వైర్ల తప్పేమీ లేదు.

కొత్త కార్లలో

యూనిట్ సమాచారం ముందు కంప్యూటరుకు వెళ్లి, అక్కడి నుంచి డ్యాష్‌బోర్డుకు వస్తుంది. వీటిలో పై రెసిస్టర్ పరీక్ష చేయకండి. స్కానరులో (కారు కంప్యూటరు సమాచారం చదివే పరికరం) ఇంధన మట్టం సరిగా ఉండి ముల్లు మాత్రమే తప్పు చూపిస్తే, మీటరు లోపలి చిన్న మోటారును చూడమనండి.