దారంతో గ్రహకక్ష్య గీయడం

మందపాటి అట్ట మీద కాగితం పరిచి, 10 సెం.మీ. ఎడంతో రెండు గుండుసూదులు నిటారుగా గుచ్చండి. సాగని నూలు దారంతో చుట్టుకొలత 30 సెం.మీ. ఉండేలా ఉచ్చు కట్టండి. ముడి కొంత దారం మింగేస్తుంది కాబట్టి కొలత ముడి వేశాకే చూడాలి. ఉచ్చును సూదుల చుట్టూ వేసి, పెన్సిల్‌తో బిగువుగా లాగుతూ తిప్పితే దీర్ఘవృత్తం వస్తుంది.

దీని అర్ధదీర్ఘాక్షం (పొడవులో సగం) 10 సెం.మీ., ఉత్కేంద్రత (ఎంత సాగిందో చెప్పే సంఖ్య: సూదుల ఎడాన్ని పొడవుతో భాగిస్తే వచ్చేది) 0.5. సూర్యుడి చోటు మధ్యలో కాదు, ఏదో ఒక సూది దగ్గర. అక్కడి నుంచి పరిహేళి (సూర్యుడికి అతి దగ్గరి బిందువు) 5, అపహేళి (అతి దూరపు బిందువు) 15 సెం.మీ. కోణీయ ద్రవ్యవేగం (ఈ రెండు చోట్లా ద్రవ్యరాశి, వేగం, సూర్యుడి నుంచి దూరాల లబ్ధం) మారదు కనుక పరిహేళి దగ్గర గ్రహవేగం అపహేళి దగ్గరి వేగానికి 3 రెట్లు.

గీత తిరిగొచ్చి మొదటి చోట కలవలేదా? దారం సాగి ఉంటుంది, సూది వంగి ఉంటుంది, లేదా పెన్సిల్ వాలి ఉంటుంది. అట్ట పలచనైతే సూదులు తప్పకుండా వాలతాయి.

ఇదే పరిమాణంలో వేరే కక్ష్య కావాలంటే ఉత్కేంద్రతను 20తో (సెం.మీ.లో కక్ష్య పొడవు) గుణించండి, వచ్చిందే సూదుల ఎడం. దానికి 20 కలిపితే ఉచ్చు కొలత. హేలీ తోకచుక్కకు (0.967) ఎడం 19.3, ఉచ్చు 39.3 సెం.మీ. అంగారకుడికి (0.093) 1.9, 21.9. అంగారక కక్ష్య వెడల్పు పొడవు కన్నా 1 మి.మీ. కూడా తగ్గదు, సూర్యుడు మాత్రం కేంద్రం నుంచి 9 మి.మీ. పక్కకు జరుగుతాడు. భూమికైతే సూదుల ఎడం 3 మి.మీ. పైచిలుకే; భూకక్ష్యను కోడిగుడ్డులా సాగదీసి చూపే బొమ్మలను నమ్మకండి.