ఆకుపచ్చ రంగు కింద ర్యాలీ సైకిలు

పాత ఇనప సామాన్ల కొట్టులో సైకిలు ఫ్రేము దొరికింది. మీద మందంగా ఆకుపచ్చ రంగు, ముందు బ్యాడ్జి ఊడిపోయి రివిట్ బెజ్జాలే మిగిలాయి. తాతయ్య సైకిలు హెర్క్యులెస్ కంపెనీది కాబట్టి ఇదీ అదే అనేసుకున్నాను. ఆశ అలాంటిది!

పెడళ్ళ మధ్య ఫ్రేములో తిరిగే ఇరుసును రెండు వైపులా పట్టి ఉంచే కప్పులు విప్పి, బజారు నుంచి కొత్తవి తెచ్చి బిగిస్తే రెండు చుట్లు తిరిగి పట్టేశాయి. బలంగా తిప్పబోతుంటే మా వీధి మెకానిక్ బాబాయి, "ఆగరా, మర పోతుంది" అని అరిచాడు. మర చుట్లు కొలిచే గేజి పెట్టి చూశాం. మామూలు సైకిళ్ళకు అంగుళానికి 24 మరలు, దీనికి 26. అది ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌ ర్యాలీ (Raleigh) సైకిళ్ళ కంపెనీ సొంత కొలత. ఫ్రేముకే ఉన్న పళ్ళచక్రం మీది మడ్డి తుడిస్తే కొంగ బొమ్మలు బయటపడ్డాయి, అవీ ర్యాలీ గుర్తే. పళ్ళచక్రం ఎవరైనా మార్చేయొచ్చు, అందుకే నేను మరనే నమ్మాను.

పాత కప్పులను రాత్రంతా కిరసనాయిల్లో నానబెట్టాను. గుంటలు పడలేదు. ఒక్కో వైపు పావు అంగుళం బాల్స్ 11 చొప్పున పెట్టి, గ్రీజు పూసి వాటినే బిగించాను. ఇప్పుడు వేలితో తోస్తే చాలు, తిరుగుతోంది. రంగు గీకే పని ఇంకా మొదలుపెట్టలేదు.