కంచె మీద గులాబి: తీగను నిలబెట్టకండి, పడుకోబెట్టండి

మా కాలనీలో కంచె వెంట గులాబి పెంచే ఇళ్లు చాలానే ఉన్నాయి. ఎక్కువ ఇళ్లలో కనబడేది ఒకటే. కింద నడుము ఎత్తు దాకా ఆకు లేని కర్రలు, చెయ్యి అందని ఎత్తులో నాలుగు పూలు. ఎరువు చాలలేదేమో అని ఇంకో తట్ట వేస్తారు. లోపం ఎరువులో లేదు, కట్టిన తీరులో ఉంది. పదిహేనేళ్లుగా అడిగినవాళ్లందరికీ ఇదే చెబుతున్నాను, అయినా మళ్లీ కంచెకి నిటారుగా కట్టేస్తూనే ఉన్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

మొక్క ఎంపిక

నర్సరీలో 'తీగ గులాబి' లేదా 'క్లైంబర్' అని అడగండి. కుండీల్లో పెద్ద పువ్వు పూసే హైబ్రిడ్ టీ రకాలు ఎంత కట్టినా కంచె పొడుగునా పాకవు. నేను ఒకసారి అమ్మినతని మాట నమ్మి ఆరు మొక్కలు తెచ్చాను. రెండేళ్లకి అవి నాలుగడుగుల పొదలై ఆగిపోయాయి. అప్పటినుంచి రకం పేరు చెప్పలేకపోతే కొనను. ఎర్రటి ఒంటి రేకల పువ్వు మధ్యలో పసుపు ఉండేది కాక్‌టెయిల్. గుత్తులుగా మీగడ తెలుపు పూలిచ్చేది ప్రాస్పరిటీ. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఢిల్లీ వైట్ పెర్ల్. గోధుమ శాస్త్రవేత్త బి.పి.పాల్ తయారుచేసిన రకం అది. భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ అయిన ఆయన గులాబీల మీద కూడా అంతే శ్రద్ధ పెట్టారు.

అంటు మొక్కే కొనండి. కొమ్మని బంగాళాదుంపలో గుచ్చి నాటే వీడియోలు చూసి సమయం పాడుచేసుకోకండి. దుంప కుళ్లుతుంది, దానితోపాటు కొమ్మ కూడా పోతుంది.

నాటడం

వానలు తగ్గుముఖం పట్టాక, వినాయక చవితి దాటాక నాటండి. గుంత అన్ని వైపులా ఒకటిన్నర అడుగు ఉండాలి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి కలిపి నింపండి. నల్లరేగడి అయితే నీరు నిలవకుండా ఇసుక కూడా కలపాలి. కంచెకి అడుగు దూరం, మొక్కకీ మొక్కకీ ఏడడుగులు. పాలిథిన్ కవరు పూర్తిగా తీసెయ్యండి. అంటు అతుకు మట్టి పైనే ఉండాలి.

రోజుకి ఆరు గంటలైనా ఎండ తగలాలి. తూర్పు కంచె అన్నిటికంటే మంచిది. పడమటి ఎండకి మే నెలలో ఇనుప జాలీ కాలిపోతుంది, ఆనుకున్న లేత కొమ్మ కమిలిపోతుంది. మీకు పడమటి కంచె తప్ప లేకపోతే, జాలీకి నాలుగు అంగుళాల ఇవతల అడ్డంగా మూడు వరసల వైర్లు లాగి వాటికే కట్టండి.

తీగ కట్టడం

ఇక్కడ తొందరపడకండి. పాడయ్యేదంతా ఇక్కడే పాడవుతుంది.

బీరకీ దొండకీ నులితీగలు ఉంటాయి. చిక్కుడు, శంఖుపుష్పం తమంతట తామే చుట్టుకుంటాయి. గులాబికి ఆ రెండూ లేవు, ముళ్లతో ఆనుకోవడం ఒక్కటే దానికి తెలుసు. కాబట్టి ఎటు వెళ్లాలో మనమే చూపించాలి. నిటారుగా కడితే కొమ్మ కొసలో ఉన్న మొగ్గ కింద ఉన్న కణుపులను చిగురించనివ్వదు. ఆ కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ చేసే పని అది. కొమ్మని అడ్డంగా వంచితే కొస పెత్తనం తగ్గుతుంది. కణుపు కణుపునా పక్కకొమ్మలు లేస్తాయి. తీగ గులాబి పూసేది ముఖ్యంగా ఆ పక్కకొమ్మల మీదే. నిలబెడితే ఒక్క గుత్తి వచ్చే చోట పడుకోబెడితే కొమ్మ పొడవునా పూలు వస్తాయి.

ఎప్పుడు వంచాలి? మొదటి ఏడాది కత్తెర ముట్టకండి, కొమ్మలను పెరగనివ్వండి. నాలుగడుగులు దాటి, ఎరుపు పోయి పచ్చబడిన కొమ్మ సరైనది. మరీ లేతదైతే మొదలు దగ్గరే ఊడి వస్తుంది. ముదిరి గోధుమరంగు తిరిగితే ఫటుక్కున విరుగుతుంది. ఉదయం నీళ్లు పోసిన వెంటనే వంచకండి, నీటితో బిగిసిన కొమ్మ ఊరికే విరుగుతుంది. నేను మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్యే ఈ పని చేస్తాను.

ఒక చేత్తో కొమ్మ మొదలుని గట్టిగా పట్టుకోండి. విరిగేది అక్కడే. రెండో చేత్తో మెల్లగా పక్కకి దించండి. ఒక్క రోజులో పూర్తిగా పడుకోబెట్టాలని చూడకండి. మొదటి రోజు సగం వాలు దాకా దించి కట్టండి, వారం పోయాక ఇంకొంచెం దించండి, పది పదిహేను రోజులకి దాదాపు అడ్డంగా వస్తుంది. కిర్రుమంటే ఆపెయ్యండి. విల్లులా మధ్యలో ఎత్తుగా వంగనివ్వకండి, ఆ ఎత్తైన కణుపు నుంచే ఒక గట్టి కొమ్మ లేచి మిగతా కొమ్మని ఎండగడుతుంది. కొస మొదలుకన్నా జానెడు ఎత్తులో ఉంటే చాలు.

కొమ్మలను విసనకర్రలా రెండు వైపులా పరచండి, మధ్య అడుగున్నర ఖాళీ వదలండి. కంచెలో అన్నిటికన్నా కింది వరసని ముందు నింపాలి, పైది చివర. కింద ఖాళీ వదిలితే తర్వాత ఎన్నేళ్లైనా నిండదు.

జాలీ కన్నాల్లోంచి కొమ్మని దూర్చి అల్లకండి. చూడటానికి సులువుగా ఉంటుంది, కట్టే పని కూడా తప్పుతుంది. కానీ రెండేళ్లకి కొమ్మ లావెక్కి జాలీ దాన్ని కోసేస్తుంది, బయటకి తీయాలంటే కొమ్మనే నరకాలి. మా అక్క ఇంట్లో అలా ఐదేళ్ల మొక్కని ముక్కలు చేసి తీశాను. ఇప్పటికీ ఆ కంచె చూస్తే బాధేస్తుంది. కొమ్మ ఎప్పుడూ కంచెకి ఇవతలే ఉండాలి.

కట్టడానికి పురికొస, లేదా పాత నూలు చీర పేలికలు వాడండి. బైండింగ్ వైరు వద్దు, బెరడులోకి దిగుతుంది. ఎనిమిది అంకె ఆకారంలో, ఒక వలయం కంచెకి, ఒక వలయం కొమ్మకి వేసి, కొమ్మ వైపు చిటికెన వేలు దూరేంత వదులు ఉంచండి.

కత్తిరింపు

దసరాకీ దీపావళికీ మధ్య చేయండి. పొడుగు కొమ్మలను తగ్గించవద్దు. వాటి మీది పక్కకొమ్మలను మాత్రం రెండు మూడు కణుపులు ఉంచి కోయండి. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగుళ్ల మందు ముద్ద రాయకపోతే కొమ్మ పైనుంచి ఎండుకుంటూ దిగుతుంది. సుమారు నలభై ఐదు రోజులకి పూలు మొదలై ధనుర్మాసం అంతా ఉంటాయి.

అంటు అతుకు కిందనుంచి వచ్చే పిలకలు మీరు కొన్న రకానివి కావు, అంటు కట్టిన అడవి గులాబివి. కనబడగానే మొదలంటా లాగెయ్యండి. ఏడు ఆకులుంటే అడవి కొమ్మ, ఐదుంటే మంచిది అనే లెక్క నమ్మకండి. చాలా తీగ రకాలకి ఏడు ఆకులే వస్తాయి. ఆ లెక్కతో మంచి కొమ్మలు నరుక్కున్నవాళ్లు ఎందరో. మట్టి తోసి, ఎక్కడ పుట్టిందో కంటితో చూసి అప్పుడు తియ్యండి.

కత్తిరించిన రోజే పాత కట్లన్నీ విప్పి, కొమ్మ ఎంత లావెక్కిందో చూసి కొత్త పురికొసతో మళ్లీ కట్టండి.