క్వెరీ నెమ్మదించిందా? అది దేనికోసం ఆగిందో ముందు చూడండి

విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద నిలబడితే సముద్రంలో లంగరు వేసిన ఓడలు కనబడతాయి. వాటిలో చాలావరకు ఇంజన్లు బాగానే ఉన్నా, రేవులో బెర్తు ఖాళీ అయ్యేదాకా ఆగి ఉంటాయి. డేటాబేసులో నెమ్మదించిన క్వెరీ (డేటా కోసం పంపే ఆదేశం) కూడా తరచుగా ఇలాంటిదే కనుక, ఇండెక్సు (వరుసలను త్వరగా వెతికిపెట్టే సూచిక) చేర్చడానికి తొందరపడే ముందు అది పని చేస్తోందా, ఎదురుచూస్తోందా అన్నది తేల్చుకోవాలి. ఇక్కడ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసును ఆధారంగా తీసుకుంటున్నాను.

ఒక్కో సెషన్ (డేటాబేసుతో ఒక కనెక్షన్) ఇప్పుడు ఏం చేస్తోందో టేబుల్‌లా చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీ అనే వ్యూలో వెయిట్_ఈవెంట్_టైప్, వెయిట్_ఈవెంట్ అనే రెండు కాలమ్‌లు 2016లో వచ్చిన 9.6 వెర్షన్ నుంచి ఉన్నాయి. స్థితి యాక్టివ్ అని ఉండి ఈ రెండూ ఖాళీగా ఉంటే ఆ క్వెరీ సాధారణంగా ప్రాసెసర్ మీద నడుస్తున్నట్టు. ఐఓ (ఫైళ్ళను చదవడం, రాయడం) కింద డేటాఫైల్‌రీడ్ ఉంటే బఫర్లలో, అంటే పోస్ట్‌గ్రెస్ మెమరీలో ఉంచుకున్న భాగంలో, లేని పేజీలను చదువుతున్నట్టు. లాక్ అని ఉంటే, తనకు కావలసినదాన్ని పట్టుకుని మరో సెషన్ అడ్డుగా ఉన్నట్టు. ఒక్కసారి చూసి తీర్పు చెప్పకూడదు. సెకనుకొకసారి చొప్పున పది నిమిషాలపాటు ఈ వివరాలను వేరే టేబుల్‌లో దాచి, ఏ ఈవెంట్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించాలి.

ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపల కొనుగోలు లెక్కలు చూసుకునే ఒక సంస్థలో, తెల్లవారుజామున సరిగ్గా వేలం జోరులో ఉన్నప్పుడే బరువుల నమోదు స్తంభించేది. మేము ముందుగా మెమరీ పెంచి డబ్బు దండుగ చేశాము. తర్వాత చూస్తే ఆగిన సెషన్లన్నీ లాక్ కింద ట్రాన్సాక్షన్‌ఐడీ కోసం, అంటే మరో ట్రాన్సాక్షన్ (ఒకే మూటగా పూర్తయ్యే మార్పులు) ముగియడం కోసం ఎదురుచూస్తున్నాయి. పీజీ_బ్లాకింగ్_పిడ్స్ అనే ఫంక్షన్‌కు ఆగిన సెషన్ నంబరు ఇస్తే అడ్డుపడినది ఎవరో చెబుతుంది. అలా దొరికిన సెషన్ స్థితి ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’, అంటే ట్రాన్సాక్షన్‌ను తెరిచి ఊరికే కూర్చుంది. గుమాస్తా సవరణ తెర తెరిచి, అప్‌డేట్ జరిగాక, కమిట్ కాకముందే, అంటే ఆ మార్పు ఖాయం కాకముందే టీకి వెళ్ళిపోయాడు! తప్పు అతనిది కాదు, మనిషి జవాబు కోసం ట్రాన్సాక్షన్‌ను తెరిచి ఉంచిన మా ప్రోగ్రాముది. దాన్ని సరిచేసి, ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమ్‌అవుట్‌కు పరిమితి పెట్టాము. లాగ్_లాక్_వెయిట్స్ ఆన్ చేస్తే, డెడ్‌లాక్_టైమ్‌అవుట్‌ను మించిన, అంటే మామూలుగా 1 సెకను దాటిన నిరీక్షణలు లాగ్‌లో పడతాయి.

నిరీక్షణ కాదని తేలితే క్వెరీల వైపు తిరగవచ్చు. ఎంత సమయం దాటిన క్వెరీలను లాగ్‌లో రాయాలో చెప్పే లాగ్_మిన్_డ్యూరేషన్_స్టేట్‌మెంట్ మొదట్లో -1గా, అంటే ఆపివేసి ఉంటుంది. నేను 500 మిల్లీసెకన్లతో మొదలుపెడతాను. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేసులో ఇలాంటిదే అయిన లాంగ్_క్వెరీ_టైమ్ 10 సెకన్లుగా వస్తుంది, కౌంటర్ ముందు వరుసలో నిలబడినవారికి అది చాలా ఎక్కువ. అయితే 5 మిల్లీసెకన్ల క్వెరీ రోజుకు 2 లక్షలసార్లు నడిస్తే మొత్తం 1,000 సెకన్లు తింటుంది, అయినా ఈ లాగ్‌లో ఎన్నడూ కనబడదు. దానికోసం, ఒక్కో క్వెరీ ఎన్నిసార్లు నడిచి ఎంత సమయం తిన్నదో కూడిపెట్టే పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్‌ను మొత్తం సమయం ప్రకారం వరుసపెట్టి చూడాలి. దాన్ని మొదటిసారి అమర్చాలంటే సర్వర్‌ను రీస్టార్ట్ చేయాలి కాబట్టి వేలం వేళ ఆ పని పెట్టుకోకండి.

అనుమానించిన క్వెరీని, అది ఏ దశలో ఎంత సమయం తీసుకుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌తో, బఫర్స్ కూడా కలిపి నడపండి. ఇది క్వెరీని నిజంగానే అమలు చేస్తుంది. అప్‌డేట్, డిలీట్‌లైతే మార్పు రద్దయ్యేలా బిగిన్, రోల్‌బ్యాక్‌ల మధ్య ఉంచాలి. అంచనా వేసిన వరుసల సంఖ్యకూ అసలు సంఖ్యకూ పొంతన లేకపోతే, ముందు ఆ టేబుల్ మీద అనలైజ్ (గణాంకాలను తాజాపరిచే వేరే ఆదేశం) నడిపి మళ్ళీ చూడండి. ఇండెక్సు సంగతి ఆ తర్వాత.