ఇల్లు ఖాళీ చేయమన్నారు: ఇంగ్లండ్‌లో కౌన్సిల్ దగ్గర మాకు పనిచేసిన మెయిల్

2023లో ఓనరు సెక్షన్ 21 నోటీసు పంపాడు. అప్పట్లో కారణం చెప్పకుండానే ఇల్లు ఖాళీ చేయమనే నోటీసు అది. గడువు రెండు నెలలు. పాప బొమ్మలు అట్టపెట్టెల్లోకి ఎక్కేశాయి. కౌన్సిల్‌కు, అంటే ఊరి స్థానిక ప్రభుత్వానికి, ఫోన్లు చేశాం, కౌంటరుకెళ్లాం, కౌన్సిల్ ఇళ్ల వెయిటింగ్ లిస్టులో చేరాం: "బెయిలిఫ్‌లు వచ్చే రోజు రండి" అన్నారు. బెయిలిఫ్‌లంటే కోర్టు తరఫున ఇల్లు ఖాళీ చేయించేవాళ్లు.

గడువు 56 రోజుల్లోకి రాగానే కౌన్సిల్‌కు మెయిల్ పెట్టాను; అప్పటినుంచి ఇల్లు పోయే ప్రమాదంలో ఉన్నట్టు చట్టం లెక్క. ముందు నోటీసు, అద్దె ఒప్పందం, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేశాను. తర్వాత, ఇల్లు లేకుండా పోయే వాళ్లకు సాయం చేయాలనే 2017 హోమ్‌లెస్‌నెస్ రిడక్షన్ చట్టం ప్రకారం మా పరిస్థితి అసెస్‌మెంట్ చేయండి, కుదరదంటే కారణం రాసివ్వండి అని అడిగాను. ఆ "రాసివ్వండి" అన్న మాటే కదిలించిందని నా నమ్మకం. నాలుగో రోజు పిలిచారు. హౌసింగ్ ప్లాన్ రాశారు, కొత్త అద్దింటికి డిపాజిట్ సాయం చేశారు. అప్పటిదాకా ఇల్లు వదల్లేదు. ముందే వెళ్లిపోతే, కావాలనే ఇల్లు పోగొట్టుకున్నారని తేల్చే ప్రమాదముంది.

మాకు ఐఎల్‌ఆర్ (యూకేలో శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది. వర్క్ వీసా వాళ్లకు సాధారణంగా ఈ సాయం దొరకదు. అందరికీ డిపాజిట్ ఇస్తారనీ చెప్పలేను.