మిద్దె మల్లె, 5వ పాఠం: అంటు కోసే ముందు, మొగ్గ పంచే ముందు

ఈ పాఠం అసలు మొగ్గలు పంచుకోవడం గురించి. వైశాఖం వచ్చింది, మిద్దెల మీద మల్లె విరగబూస్తోంది, ఒకరింట్లో పూసింది నలుగురి ఇళ్లకీ ఎలా పంపాలో రాద్దామని కూర్చున్నాను. కానీ నేల అంటు, అంటే కొమ్మని తల్లి మొక్కకి ఉండగానే వంచి మట్టిలో పాతి వేళ్లు రప్పించడం, ఆ పాఠం తర్వాత మీ దగ్గర్నుంచి వచ్చిన కబుర్లు వింటే ముందు ఆ లెక్క తేల్చాలనిపించింది. "కోసిన మూడో రోజుకే వాడిపోయింది." "తీసి చూస్తే కింద వేరే లేదు." "మీరు చెప్పినట్టే ఉగాది నాడు వంచాం, నెల నిండగానే కోశాం."

నెల అని నేను రాయలేదు. కానీ ఎన్నాళ్లు ఆగాలో కూడా రాయలేదు. "వేళ్లు వచ్చాక తల్లి నుంచి వేరు చేయండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. మట్టిలో ఉన్న వేరు వచ్చిందో రాలేదో కొత్తవాళ్లకి ఎలా తెలుస్తుంది? తప్పు నాదే. కొమ్మలు పోగొట్టుకున్నవాళ్లు నన్ను తిట్టుకోవచ్చు.

సరే, లెక్క చూద్దాం. నేలలో పాతిన కొమ్మకి మూడు నెలలు పెట్టుకోండి. కుండీలో తడి ఆరకుండా చూసుకుంటే రెండు నెలలకే వేళ్లు రావచ్చు. అయినా వేసవిలో 75 రోజులు దాటందే నేను కత్తెర పెట్టను. ఉగాది నుంచి వైశాఖ పౌర్ణమికి ఎన్నాళ్లు? నెలన్నర. అంటే ఇప్పుడు ఎవరి అంటూ కోతకి రాలేదు. పైగా ముందుంది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలో పిల్ల అంటుని తల్లి నుంచి వేరు చేయడం దాన్ని చంపుకోవడమే. మృగశిర రానివ్వండి, రెండు వానలు పడనివ్వండి. ఈలోపు పంచాల్సింది మొగ్గలు. మొక్కలు వానల్లో పంచుదాం.

"కొమ్మ చివర చిగురేసింది, అంటే వేళ్లొచ్చినట్టే కదా" అని కొందరు అనుకున్నారు. కాదు. ఆ చిగురుకి కావలసినవన్నీ ఇంకా తల్లే పంపుతోంది. కింద ఒక్క వేరు లేకపోయినా పైన ఆకులు నిగనిగలాడతాయి. ఇంకొందరు రోజూ కొమ్మ లాగి చూస్తున్నారట, గట్టిగా ఉందా లేదా అని. దారం కంటే సన్నగా ఉండే కొత్త వేళ్లు ఆ లాగుడికే తెగిపోతాయి.

నేను చేసే పని చెబుతాను. పుస్తకాల పద్ధతి కాదు, నా అడ్డదారి. రెండు లీటర్ల ఖాళీ కూల్ డ్రింక్ బాటిల్ తీసుకుని పైభాగం కోసేస్తాను. అడుగున నాలుగు చిల్లులు. అంచు నుంచి కిందికి మూడు అంగుళాల లోతున ఎదురెదురుగా రెండు గాట్లు. కొమ్మ ఒక గాటులోంచి లోపలికి దిగి, రెండో గాటులోంచి బయటికి వస్తుంది. కింద బెరడు గీరిన కణుపు మాత్రం సరిగ్గా బాటిల్ మధ్యలో ఉండాలి. గాట్లని టేపుతో మూసి మట్టి నింపి, తల్లి కుండీ పక్కనే ఇటుక మీద నిలబెడతాను. చుట్టూ పాత నల్లగుడ్డ చుట్టి రబ్బరు బ్యాండు వేస్తాను. వెలుతురు తగిలితే గోడలకి పాచి పడుతుంది, వేళ్లకీ వెలుతురు నచ్చదు. వారానికి ఒక్కసారి, నేనైతే ఆదివారం, గుడ్డ పైకెత్తి చూస్తాను. మొదటి నెలంతా మట్టే కనిపిస్తుంది. తర్వాత ఒకరోజు గోడకి ఆనుకుని తెల్లటి దారప్పోగు ఒకటి. ఆ ఒక్కటి చూసి కంగారు పడొద్దు. ఆరేడు పోగులై, ముందొచ్చినవి కాస్త గోధుమరంగుకి తిరిగాక మొదలుపెట్టాలి కోత.

కోత కూడా ఒక్కసారిగా కాదు. తల్లి వైపు ఉన్న కొమ్మని బాటిల్‌కి అంగుళం అవతల, సగం మందం దాకా కోసి వదిలేయండి. పది రోజులు చూడండి. మధ్యాహ్నం తల వాల్చి సాయంత్రానికి లేచిందా, పర్వాలేదు. పొద్దున్నే చూసినా వాలే ఉంటే ఇంకా ఆగాలి. నిలబడితే మిగతా సగం కోయండి. కోశాక కూడా ఇంకో పది రోజులు అదే చోట ఉంచండి. అప్పుడు మట్టి చెదరకుండా కుండీలోకి. వంచడం, కణుపు గీరడం, రాయి పెట్టడం ఇవన్నీ పోయినసారి రాసినవే, మళ్లీ రాయను.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే సంగతి.

అంటు కోశాక దాని మీదున్న మొగ్గలన్నీ తుంచేయాలి. ఒక్కటి కూడా ఉండకూడదు. ఇది చెప్పినప్పుడల్లా అందరూ తలూపుతారు, ఎవరూ చేయరు. "పాపం పూస్తోంది కదండీ", "పువ్వుతో ఇస్తే తీసుకునేవాళ్లకి ముచ్చటగా ఉంటుంది", "రెండే ఉంచాను". రెండూ వద్దు. కొత్త అంటుకి ఉన్నది ఏడెనిమిది వేళ్లు, అన్నీ కలిపితే చిటికెన వేలంత కుచ్చు. మొన్నటిదాకా తల్లి వేళ్లన్నీ దాన్ని పోషించాయి. ఇప్పుడు ఈ కుచ్చొక్కటే. అది తాగే నీళ్లు ముందు ఎవరికి వెళ్లాలి? ఆకుకా, చిగురుకా, కొత్త వేరుకా? మొగ్గ ఉంటే దానికే వెళతాయి. మల్లెకి మొగ్గ తర్వాతే ఏదైనా. నాలుగు రోజులు ఘుమఘుమలాడి ఐదోనాటికి ఆకులు వేలాడేస్తుంది. వేలాడితే మనమేం చేస్తాం? ఇంకో చెంబుడు నీళ్లు పోస్తాం. ఉన్న కాసిని వేళ్లూ కుళ్లిపోతాయి.

నేనూ చేశానీ పని. చాలా ఏళ్ల కిందట పక్కింటి పిన్నిగారికి బొడ్డుమల్లె అంటు ఇచ్చాను. పదకొండు మొగ్గలున్నాయి దాని మీద, లెక్కపెట్టి మరీ మురిసిపోయాను. తుంచితే చిన్నబోతుందని అలాగే, కుండీకి పసుపు రాసి బొట్టు పెట్టి మరీ ఇచ్చాను. ఆవిడ ఆ పదకొండూ దేవుడి పటానికి పెట్టుకున్నారు. తొమ్మిదో రోజుకి మొక్క పుల్లయిపోయింది. ఆవిడ మా గుమ్మంలో నిలబడి, "నా చెయ్యి అచ్చిరాదమ్మా, నాకింక ఇవ్వకు" అన్నారు. మొక్క చచ్చిపోయినందుకు కాదు, ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు. చెయ్యి ఆవిడది కాదు, అచ్చిరానిది నాది. చావబోయే మొక్కని ఇచ్చింది నేను, నింద మోసింది ఆవిడ. మొగ్గలు తుంచి, ఆకుల్లో సగం తీసేసి, అందవికారంగా ఉన్న పిల్ల మొక్కని ఇచ్చినప్పటి నుంచి ఒక్కరూ నాకు ఆ మాట చెప్పలేదు. పిన్నిగారికి కూడా మర్నాడు కాదుగానీ మరుసటేడు శ్రావణంలో మళ్లీ ఇచ్చాను, బోడిగా. ఇప్పుడు ఆవిడ మిద్దె మీద నాలుగు కుండీలున్నాయి, నాలుగూ దాని పిల్లలే.

తుంచాలంటే చేతులు రానివాళ్లకి ఒక ఉపాయం. ఆ తుంచిన మొగ్గల్నే విడిగా ఆకులో కట్టి మొక్కతో పాటు ఇవ్వండి. ముచ్చటా తీరుతుంది, మొక్కా బతుకుతుంది. మల్లెకి గింజ పడడం అరుదు. మైలవరం చేలల్లో ఉన్నదైనా, కడియం నర్సరీల నుంచి లారీ ఎక్కి వచ్చినదైనా, మీ అమ్మమ్మగారి దొడ్లోదైనా, ఎవరో ఒకరు కొమ్మ ఇస్తే వచ్చినదే. అందుకే ఇవ్వడం గురించి ఇంత గోల.

ఒక చిన్న ప్రశ్న మిగిలింది: "గుబురుగా ఆకేసింది, పువ్వు లేదు." రెండో పాఠంలో డిసెంబరు, జనవరిలో కత్తిరించమన్నాను. మీలో చాలామంది మార్చిలో కత్తిరించారు. మల్లె కొత్త చిగురుకే పూస్తుంది, మీది ఇంకా చిగుళ్ల దశలోనే ఉంది, అంతే. నీడ ఉంటే తీయండి, రోజుకి ఆరు గంటల ఎండైనా పడాలి. పేడ ఎరువు ఆపండి కొన్నాళ్లు. పూసిన కొమ్మలకి మాత్రం, పువ్వులు అయిపోగానే రెండు జతల ఆకుల కిందికి తుంచండి. నెల, నెలన్నరలో మళ్లీ పూత.

ఇక మొగ్గల దగ్గరికి. ఏ మొగ్గ ఈ రాత్రి విచ్చుకుంటుందో తెలియాలి ముందు. పచ్చఛాయ పోయి, పాలలా తెల్లబడి, పొట్ట ఉబ్బి ఉంటుంది. వేలికి మెత్తగా తగులుతుంది, గట్టిగా కాదు. కాస్త ఆకుపచ్చ మిగిలినది కోస్తే అది విచ్చుకోదు, అలాగే వాడుతుంది. దాన్ని రేపటికి వదిలేయండి. దూరం పంపాలంటే పొద్దున్నే కోయండి. పక్కవీధికైతే సాయంత్రం నాలుగింటికి చాలు.

కోసిన మొగ్గ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, వేడి వదులుతూ ఉంటుంది. ఇది నమ్మనివాళ్లు రెండు దోసిళ్ల మొగ్గలు కవర్లో కట్టి గంట తర్వాత చెయ్యి పెట్టి చూడండి. చైనాలో ఫుజౌ ఊరి టీ తయారీదారులు ఈ వేడి మీదే బతుకుతారు. మధ్యాహ్నం వచ్చిన మల్లెమొగ్గల్ని కుప్ప పోస్తారు, వేడెక్కగానే పరిచేస్తారు, చల్లారగానే మళ్లీ కుప్ప పోస్తారు. అలా చేసి రాత్రికి ఒక్కసారిగా విచ్చుకునేలా చూసి టీ ఆకులో కలుపుతారు. మనం పాలిథీన్ కవర్లో మూతి బిగించి కట్టడమంటే పరచకుండా కుప్పనే మగ్గబెట్టడం. అంచులు ఎర్రబడి, వాసన పుల్లగా మారి చేరతాయి.

ఉతికిన నూలుగుడ్డ తడిపి, చుక్క కారకుండా పిండి, దానిలో వదులుగా మొగ్గలు, దాని మీద అరటాకు, వెదురుబుట్ట గానీ చిల్లుల డబ్బా గానీ. మొగ్గల మీద నీళ్లు చిలకరించవద్దు. పూలమ్మేవాళ్లు చిలకరిస్తారు, వాళ్లు గంటలో అమ్మేస్తారు. ఫ్రిజ్‌లో పెడితే మొగ్గ ఆగుతుంది, దాంతో వాసనా ఆగుతుంది. బయట పెట్టి వేడి తగలనిస్తే విచ్చుకుంటుంది. ఒక్క రాత్రికి మించి నేను ఉంచను. మాల కట్టి పంపేవాళ్లు అరటినారని పది నిమిషాలు నానబెట్టండి, మూరకి రెండు మూడు చోట్ల మరువం రెమ్మ పెట్టండి. దవనం నాకు మల్లెతో నచ్చదు, రెండూ పోట్లాడుకుంటాయి.

మల్లె లేనివాళ్లు చిన్నబుచ్చుకోకండి. సంపెంగ పంపవచ్చు, కాకపోతే రేకుని వేళ్లతో పట్టుకోవద్దు, పట్టుకున్నచోట గోధుమరంగు మచ్చ పడుతుంది. కాడ పట్టుకోండి. పొగడపూలు నేల మీద రాలినవే ఏరుకోవచ్చు, మధ్యలో చిల్లు ఉండనే ఉంటుంది, దారం గుచ్చడమే. ఎండిపోయాక కూడా వాసన వదలదు, కాబట్టి అమెరికాలో ఉన్న కూతుళ్లకి దాచాల్సింది ఇదే. ఆకుసంపెంగ మీ గోడ మీద ఉంటే అదృష్టవంతులు. పచ్చగా ఉన్నన్నాళ్లు ఆకుల్లో కలిసిపోయి కనిపించదు. పసుపుకి తిరిగిన సాయంత్రం పండిన పండు వాసన ఎక్కడిదా అని వెతుక్కుంటాం. అది ఒక్క పువ్వు చాలు ఇంటికి. బుట్టెడు పంపితే తలనొప్పి.

అభ్యాసం. ఇది తేలిక కాదు, ముందే చెబుతున్నాను. ఒకే చెట్టు నుంచి, ఒకే పూట, నలభై మొగ్గలు కోయండి. పది పాలిథీన్ కవర్లో, పది మూత పెట్టిన స్టీలు డబ్బాలో, పది పిండిన తడిగుడ్డలో, పది ఊరికే పళ్లెంలో. నాలుగూ ఒకే గదిలో, ఫ్యాన్ కిందకి రాకుండా. రాత్రి ఏడింటికి, తొమ్మిదింటికి, పదకొండింటికి, పొద్దున్న ఆరింటికి చూసి ఎన్ని విచ్చుకున్నాయి, ఎన్ని ఎర్రబడ్డాయి కాగితం మీద రాయండి. ఒకరోజు కాదు, మూడు రోజులు. రాయకుండా "గుడ్డలోవే బాగున్నాయండీ" అని చెప్పేవాళ్ల మాట నేను వినను.

బాటిళ్లలో కొమ్మ వంచేవాళ్లు గుడ్డ మీద కాదు, బాటిల్ మీదే వంచిన తేదీ మార్కర్‌తో రాయండి. గుడ్డలు మారిపోతాయి. పోయినేడు నావి రెండు అలాగే కలిసిపోయి, 40 రోజులదాన్ని 80 అనుకుని కోసేశాను.